మా బావగారి మంచుబండి వయసు

రోజంతా నేను మనుషుల్ని పుట్టిన తేదీ అడుగుతుంటాను. మందుల షాపులో ఫార్మసిస్టుని. మందు చేతిలో పెట్టే ముందు పేరూ, పుట్టిన తేదీ చెప్పించుకోవాలి. అది కంప్యూటర్లో ఉన్నదానితో సరిపోవాలి. ఎదురుగా నిలబడ్డ మనిషి ఏళ్ళ తరబడి తెలిసినవాడైనా, ఆ పొద్దున్నే మా వాకిట్లో మంచు ఎత్తిపోసిన పక్కింటాయనైనా అడగాల్సిందే. మొదట్లో అలా అడగాలంటే మొహమాటంగా ఉండేది. ఇప్పుడు మొహమాటం పోయింది, దానితోపాటు ఓపికా చాలావరకూ పోయింది.

ఆ మిగిలిన కాస్త ఓపికతో నవంబర్ నెల శనివారాలు ఇంకో కౌంటర్ వెనక కూర్చుంటాను. మాది మిస్సిసాగా నగరానికి ఉత్తరంగా మూడు గంటల డ్రైవ్‌లో ఉన్న చిన్న ఊరు. ఇక్కడ చలికాలం అంటే స్నోమొబైలే. మోటార్ సైకిల్ లాంటి సీటు, చక్రాలకి బదులు వెనక ఒక రబ్బరు పట్టా, ముందు మంచు మీద జారే రెండు స్కీలు. మా అక్క దాన్ని మంచుబండి అంటుంది, నాకూ అదే అలవాటైంది. రైతుల పొలాల మీదుగా, గడ్డకట్టిన చెరువుల మీదుగా వీటి కోసం ఊరూరికీ దారులుంటాయి. వాటిని ట్రైల్స్ అంటారు. ఆ దారుల్లో మంచుని చదును చేయడానికి ఒక పెద్ద యంత్రం, దానికి డీజిలు, బోర్డులు పాతడానికి మనుషులు, ఇవన్నీ ఊళ్ళో క్లబ్బు చూసుకుంటుంది. అందుకని ట్రైల్ ఎక్కే ప్రతి బండికీ పర్మిట్ కొనాలి. ఆ స్టిక్కర్ బండికి అంటించాలి. ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు గానీ మా ఊళ్ళో సగం మందికి ఆన్‌లైన్ అంటే పడదు. వాళ్ళ కోసం నవంబర్లో కమ్యూనిటీ హాల్లో క్లబ్బు ఒక బల్ల వేసి, ఒక లాప్‌టాప్ పెట్టి, దాని వెనక నన్ను కూర్చోబెడుతుంది.

నన్నే ఎందుకంటే, ఒక ఏడాది క్లబ్బు మీటింగులో వేడి సూప్ ఇస్తారని తెలిసి వెళ్ళాను. ఇంటి దగ్గర ఒక్కదాన్నే ఉంటాను, వండుకోబుద్ధి కాలేదు. గిన్నె ఖాళీ అయ్యేసరికి నన్ను సెక్రటరీని చేసేశారు. నాకు బండి నడపడం కూడా రాదు.

పర్మిట్‌కి రెండు ధరలున్నాయి. బండి తొంభైతొమ్మిది మోడల్ గానీ అంతకంటే పాతది గానీ అయితే ఒక ధర. తర్వాతి మోడల్ అయితే ఇంకో ధర, అది బాగా ఎక్కువ. పాత బండ్లు ఎక్కువ దూరం పోవు, దారిని పెద్దగా పాడుచేయవు, వాటిని నడిపేవాళ్ళు చాలా మంది పెద్దవాళ్ళు. అందుకని పెట్టిన ఏర్పాటు. వినడానికి బాగానే ఉంటుంది. కౌంటర్ వెనక కూర్చుంటే తెలుస్తుంది దాని సంగతి. ఒకాయన నా కారు కంటే ఖరీదైన ట్రైలర్ మీద, కొత్త పెళ్ళికూతురిలా ముస్తాబు చేసిన పాత బండ్లు వేసుకొచ్చి ప్రతిదానికీ తక్కువ ధర కట్టి పోతాడు. ఆ వెనకే ఒకామె, సీటు చిరిగి టేపు చుట్టిన బండి, మోడల్ రెండువేల మూడు. పూర్తి ధర. ఆమె నా మొహం చూస్తుంది, నేను లాప్‌టాప్ చూస్తాను. కటాఫ్ అనేది ఎక్కడ గీసినా దాని అవతల ఒకరు నిలబడే ఉంటారు. ఎంసెట్ రాసిన మనకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక మా బావగారు. మా అక్క భర్త. గుంటూర్లో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి, అక్కకి ఇక్కడ స్థిరపడడానికి పీఆర్ వస్తే ఆమె వెంట ఈ దేశం వచ్చారు. అక్క నర్సు. వచ్చేటప్పటికే ఆయనకి నలభై ఏడు దాటాయి. ఇక్కడి కాలేజీలకి ఆయన ఫిజిక్స్ అక్కర్లేకపోయింది. మిస్సిసాగాలో ఎయిర్‌పోర్ట్ పక్కన ఒక గోడౌన్లో చేరారు. గోడౌన్ అంటే పెద్ద ఫ్రీజర్. ఐస్‌క్రీములూ, బఠాణీలూ, చేపలూ పెట్టెల్లో వస్తాయి, ఆర్డర్ల ప్రకారం తీసి పేర్చాలి. అప్పట్నుంచీ అక్కడే ఉన్నారు. అక్కకి మోకాళ్ళు అరిగిపోయి సగం షిఫ్టులే చేస్తోంది. కొనుక్కున్న టౌన్‌హౌస్‌కి మార్టిగేజ్ అప్పు ఇంకా ఉంది.

చలికాలంలో శని ఆదివారాలు ఇద్దరూ నా దగ్గరికొస్తారు. ఒకసారి మార్చి నెలలో వచ్చినప్పుడు మా పక్కింటాయన తన మంచుబండి అమ్మేస్తున్నాడని తెలిసింది. బావగారు ఊరికే చూస్తానని వెళ్ళారు. పక్కింటాయన దాన్ని స్టార్ట్ చేసి చూపించి, హ్యాండిల్ పట్టుకోమన్నాడు. రెండు నిమిషాల్లో ఆ పిడులు వేడెక్కాయి. లోపల హీటర్ ఉందట. బావగారు వాటిని వదల్లేదు. బండి దిగకుండానే బేరం కుదుర్చుకుని ఇంటికొచ్చారు.

“వారమంతా ఫ్రీజర్లో ఉండి, ఆదివారం కూడా చలేనా బావగారూ?” అన్నాను.

“అక్కడ చలి కంపెనీదమ్మా. ఇక్కడిది నాది,” అన్నారు.

బండికి పూజ చేయకుండా ఎక్కనివ్వనంది అక్క. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి కుంకుమ పెట్టింది. కారు డిక్కీలో తెచ్చిన నిమ్మకాయలు తీసి, చక్రాలు లేవు కదా అని రెండు స్కీల కిందా పెట్టింది. రాత్రంతా డిక్కీలో ఉన్న నిమ్మకాయలవి, రాళ్ళలా గడ్డకట్టి ఉన్నాయి. బావగారు బండి కదిలించగానే ఒకటి స్కీ కింద నుంచి జారి వెళ్ళి పక్కింటాయన గరాజు తలుపుకి తగిలింది. రెండోది నలగకుండా మంచులో కూరుకుపోయింది. ఆ తర్వాత అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు, వేసుకున్న స్నోప్యాంటునే సర్దుకుని, స్కూటర్ మీద కూర్చున్నట్టు ఒకవైపుకి రెండు కాళ్ళూ వేసి ఎక్కింది. మొదటి మలుపులోనే మంచులో పడింది. దెబ్బేం తగల్లేదు. నవ్వలేక చచ్చాం ఆ రోజు. ఇప్పుడు తలుచుకుంటే అది మేం ముగ్గురం కలిసి నవ్విన చివరిసారేమో అనిపిస్తుంది.

పక్కింటాయన ఎప్పుడూ ఆ బండిని ‘నా తొంభైతొమ్మిది’ అనే పిలిచేవాడు. తొంభైతొమ్మిది చివర్లో కొన్నాడట, దానికి ఆ పేరే పెట్టుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం. మళ్ళీ నవంబర్ వచ్చి, హాల్లో నా బల్ల ముందు బావగారు బండి రిజిస్ట్రేషన్ కాగితం పెట్టాక గానీ మోడల్ అన్న గడిలో ఏముందో ఎవరం చూడలేదు. అక్కడ రెండువేలు అని ఉంది.

“పూర్తి ధర బావగారూ,” అన్నాను.

“ఇది తొంభైతొమ్మిదిదే కదమ్మా.”

“కాగితంలో రెండువేలు. నేనేం చేయను?”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికెళ్ళిపోయారు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు ముందుకొచ్చారు.

నేను ఇంటికెళ్ళేసరికి మా గరాజులో నేల మీద వెల్లకిలా పడుకుని, ఫోన్ లైటు వేసుకుని బండి అడుగున చూస్తున్నారు. “ఇలా రా మరదలా,” అన్నారు. వంగి చూశాను. సీటు కింద ఇనప రేకు మీద చిన్న అల్యూమినియం ప్లేటు. దాని మీద బండి నంబరూ, తయారైన నెలా సంవత్సరం గుద్ది ఉన్నాయి. సెప్టెంబర్, తొంభైతొమ్మిది.

“చూశావా? పుట్టింది తొంభైతొమ్మిదిలో. రాబోయే చలికాలానికి కొత్త మాల్ అని అమ్ముకోవడానికి కంపెనీవాడు దాని వయసు ఒక ఏడాది తగ్గించి రాశాడు. మా నాన్న చేసిన పనే వీడూ చేశాడు.”

ఆయన నాన్న చేసిన పని ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మనలో ఆ తరం వాళ్ళకి దాదాపు అందరికీ ఉన్న కథే. బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు పుట్టిన తేదీ అడిగితే, బావగారి నాన్న ఆలోచించి వయసు రెండేళ్ళు తగ్గించి చెప్పాడు. పిల్లాడికి రేపు గవర్నమెంటు ఉద్యోగం వస్తే రిటైర్మెంటు రెండేళ్ళు వెనక్కి పోతుంది, రెండేళ్ళ జీతం కలిసొస్తుంది అని. అప్పటికి అది ముందుచూపే. గవర్నమెంటు ఉద్యోగం రాలేదు. ఆ తేదీ మాత్రం పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కణ్ణుంచి పాస్‌పోర్టులోకి, పాస్‌పోర్టు నుంచి ఈ దేశపు కాగితాలన్నిటిలోకీ వచ్చేసింది.

దాని మీద ఆయనకి ఒక వేళాకోళం ఉంది. ఇక్కడికొచ్చినప్పుడు బీపీ మాత్రలు మా షాపులోనే తీసుకుంటారు. రూలు కదా, నేను పుట్టిన తేదీ అడుగుతాను. “అసలుదా, సర్టిఫికెట్టుదా?” అంటారు ప్రతిసారీ. వెనక ఉన్నవాళ్ళకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. ప్రతిసారీ నేను విసుక్కునేదాన్ని, ప్రతిసారీ ఆయన నవ్వేవారు.

“బావగారూ, వాళ్ళు చూసేది మోడల్ ఇయర్. ప్లేటు కాదు,” అన్నాను గరాజులో.

“కమిటీలో పెట్టు. సెక్రటరీవి కదా.”

“ఇలాంటివి పెడితే నన్ను పిచ్చిదనుకుంటారు.”

“దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా?” అంటూ మెల్లిగా లేచి కూర్చున్నారు. లేవడానికి బండి సీటు పట్టుకోవాల్సి వచ్చింది. కోటుకి అంటిన దుమ్ము దులపబోయి ఆగిపోయి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నారు.

నాకు నిజంగా చిరాకేసింది. డబ్బు గురించైతే నేనే కట్టేస్తాను. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, ఆ బలమంతా ఒక పర్మిట్ మీద చూపించడం ఎందుకు అనుకున్నాను.

ఆ సాయంత్రం బావగారు ముందు గదిలో పడుకుని ఉంటే, వంటింట్లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ అక్క నెమ్మదిగా చెప్పింది.

“మొన్న కార్తీక పౌర్ణమికి ఆయనకి అరవై అయిదు నిండాయే. అసలు లెక్కలో.”

“తెలుసుగా అక్కా.”

“గవర్నమెంటు పెన్షన్ వాళ్ళకి ఫోన్ చేశారు. నాతో చెప్పకుండా. జాతకం ఉంది, చూపిస్తాను అన్నారట. ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడిందంటలే. పాస్‌పోర్టులో ఉన్న తేదీయే తేదీ, ఇంకో రెండేళ్ళాగి అప్లై చేయండి అందట.”

అక్క తరగడం ఆపింది.

“చేతులు చూశావా? ఫ్రీజర్లోంచి బయటికొస్తే వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లగా అయిపోతున్నాయి. తర్వాత నీలంగా. తర్వాత మంట. అరగంట పడుతోంది మామూలు కావడానికి. షర్టు బొత్తాలు నేనే పెడుతున్నాను. రెండేళ్ళు ఎలా చేస్తారే ఆ పని? మానేస్తే ఇల్లు ఎలా నడుస్తుంది? అరవై అయిదు రాగానే పెన్షన్ వస్తుంది, మానేస్తానని, మానేస్తానని, దాని కోసమే లాక్కొచ్చారు.”

ఫార్మసిస్టుని, ఆ వేళ్ళ సంగతి నాకు తెలియాలి. వారం వారం ఇంటికొస్తున్న మనిషి చేతులు నేను చూడలేదు. వేడెక్కే పిడుల కోసమే ఆయన ఆ బండి కొన్నారని అప్పుడు అర్థమైంది. కొన్నాక ఆ మార్చి ఆదివారాలు ఆ పిడులు పట్టుకుని మా పెరట్లో తిరుగుతుంటే వేళ్ళు ఎర్రగానే ఉన్నాయట. అక్క చెప్పింది.

కళ్ళు తుడుచుకుని అక్క, “ఆ బండి గొడవ కాస్త చూడవే,” అంది. “ఆయనకి తన వయసుకి సాక్ష్యం లేదు. మావయ్యగారు పోయారు, హెడ్మాస్టరు పోయాడు. బండికైతే ఒంటి మీదే రాసుందట. అదొక్కటైనా నెగ్గుతుందని చూస్తున్నారు.”

నెలాఖరు మీటింగులో పెట్టాను. సూప్ చల్లారిపోతుండగా, అన్ని విషయాలూ అయిపోయాక లేచి నిలబడి చెప్పాను. ప్లేటు ఫోటో చూపించాను. అక్కడితో ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. మా వైపు వయసు ఎలా రాస్తారో, ఎందుకు తగ్గిస్తారో, తగ్గించి రాసినదాన్ని మోస్తూ ఒక మనిషి ఎలా బతుకుతాడో, నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పుకుపోయాను. క్లబ్బు డబ్బు లెక్కల మధ్య ఇదంతా ఎందుకని నాకే అనిపిస్తోంది, అయినా నోరు ఆగలేదు. వాళ్ళు మంచివాళ్ళు. శ్రద్ధగా విన్నారు. ఒకాయన, “అయితే ఇంతకీ ఆయన వయసెంత?” అని అడిగాడు. నవ్వారు. ఎగతాళి లేదు ఆ నవ్వులో. అయినా నాకు చెవులు వేడెక్కాయి.

మా ప్రెసిడెంటు స్కూల్ బస్ నడిపి రిటైరైన పెద్దావిడ. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “రూలు మనం పెట్టింది కాదు కదా,” అంది. “ప్రావిన్స్ అంతటికీ ఒకటే. కాగితంలో మోడల్ ఏదైతే అదే. బండ్లన్నీ ముందు ఏడాదిలోనే తయారవుతాయి, ఈయన కోసం మారిస్తే రెండువేల మోడల్ బండ్లన్నీ రేపు వస్తాయి.”

న్యాయమే. ఒక్క మాట తప్పు లేదు. తప్పు లేకపోవడం వల్లే నాకు అంత కోపం వచ్చింది. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

ఆవిడ నా మొహం చూసి కాస్త ఆలోచించింది. ఫిబ్రవరిలో క్లబ్బు పాత బండ్ల ఊరేగింపు చేస్తుంది. పాత బండ్లన్నీ వరసగా ఊరి మధ్య నుంచి చెరువు దాకా వెళ్తాయి, జనం రోడ్డు పక్కన నిలబడి చేతులూపుతారు. “అది మాత్రం మన చేతిలో ఉన్నదే. ఆయన్ని రమ్మను. ప్లేటు చూసి వరసలో నిలబెడతాను,” అంది.

సంతోషంగానే ఇంటికొచ్చి ఫోన్ చేశాను. బావగారు అంతా విన్నారు. విని, “డబ్బు కట్టేటప్పుడు కుర్రదీ, ఊరేగించేటప్పుడు ముసలిదీనా?” అన్నారు.

“అలా కాదు బావగారూ, పాపం ఆవిడ మంచికే...”

“తెలుసమ్మా. ఆవిణ్ణి ఏమీ అనడం లేదు. పూర్తి ధరకే తీసెయ్ పర్మిట్. కార్డు నంబరు మీ అక్క చెప్తుంది.”

అంతే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, నేను కల్పించుకున్నాక ఆయనకి ఆ బండి మీద ఉన్న సరదా కూడా పోయింది. స్టిక్కర్ వచ్చింది. డిసెంబర్లో ఆయనే అంటించారు, పసుపు మరక తగలకుండా జాగ్రత్తగా. అంటించడానికి గ్లవ్స్ తీస్తే వేళ్ళు పట్టు దొరక్క రెండుసార్లు జారిపోయింది, మూడోసారి నేను పట్టుకున్నాను. రెండు మూడు ఆదివారాలు వెళ్ళొచ్చారు. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు బండి మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. ఆయనే అలిసిపోయి, గంటలోపే తిరిగొచ్చి, ఇంజన్ ఆపకుండా పిడులు పట్టుకుని వాకిట్లో అలా కూర్చునేవారు. లోపలికి రమ్మని నేను కిటికీ కొడితే తల ఊపేవారు గానీ దిగేవారు కాదు.

ఊరేగింపు రోజు కూడా ఆయన మా ఇంట్లోనే ఉన్నారు. పొద్దున్నుంచే రోడ్డు మీద కాలిన నూనె వాసన. ముస్తాబు చేసిన బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, ఆ ఖరీదైన ట్రైలర్ ఆయన బండ్లు అన్నిటికంటే ముందు. ప్రెసిడెంటు మా ఇంటి ముందు తన బండి నెమ్మది చేసి ఇటువైపు చూసింది. బావగారు టీ గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. గ్లాసు వేడికి చేతులు ఆనించడం తప్ప టీ తాగడం లేదు. ఆవిడకి మర్యాదగా తలూపారు. ఆవిడా తలూపి వెళ్ళిపోయింది.

“వెళ్ళి చూసొద్దామా, చెరువు దగ్గర సూప్ ఇస్తారు,” అంది అక్క.

“సోమవారం పొద్దున షిఫ్టు ఉంది. త్వరగా బయల్దేరదాం,” అన్నారు ఆయన.

ఆ సాయంత్రం వాళ్ళ కారు వెళ్ళిపోయాక నేను గరాజులోకి వెళ్ళాను. బండి మీద టార్పాలిన్ చక్కగా కప్పి, నాలుగు మూలలా తాడు కట్టి ఉంది. ఆ ముళ్ళు అక్క వేసినవి. ఆయన వేళ్ళతో అలాంటి ముడి వేయలేరు.

మార్చిలో నా మాట విని డాక్టరు దగ్గరికెళ్ళారు. వేళ్ళలో రక్తం సరిగ్గా ఆడడానికి మాత్రలు రాశాడు డాక్టరు, చలిలో పని మానెయ్యమని కూడా చెప్పాడట. రెండోది ఎలా చేయాలో చెప్పలేదు. వాటిని కూడా మా షాపుకే పంపించమన్నారు. శనివారం మధ్యాహ్నం వచ్చారు. షాపులో రద్దీగా ఉంది, ఆయన ముందు ఇద్దరూ, వెనక ముగ్గురూ. అందరితోపాటు లైన్లో నిలబడ్డారు. నేను పక్కకి రమ్మని సైగ చేస్తే వద్దన్నట్టు చెయ్యి చూపించారు. ఆ చేతికి గ్లవ్ తీయలేదు.

ఆయన వంతు వచ్చింది. సంచీ నా చేతిలో ఉంది. రోజుకి ఒకటి, నిద్రపోయే ముందు, లేచేటప్పుడు కళ్ళు తిరిగితే కాసేపు కూర్చోండి, ఇవన్నీ చెప్పాలి. ముందు అడగాల్సింది అడగాలి. ఆయన అనబోయే మాటకి విసుక్కోవడానికి కూడా నేను సిద్ధంగా ఉన్నాను. ఆ విసుగు కోసమే ఎదురుచూశానని చెప్పాలి.

“పుట్టిన తేదీ చెప్పండి బావగారూ,” అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. నా వెనక గోడ మీదున్న మందుల షెల్ఫు వైపు చూస్తూ, సర్టిఫికెట్లో ఉన్న తేదీ చెప్పారు. రోజూ, నెలా, సంవత్సరం, ఒక్క తడబాటు లేకుండా, ఇంగ్లీషులో.

కంప్యూటర్లో సరిపోయింది. సంచీ ఇచ్చాను.